డ్రోన్ కన్నా ముందు ఒక నోటు పుస్తకం

కోనసీమ స్టూడెంట్లు మ్యూజిక్ వీడియో తీస్తున్నారంటే మొదటి షాట్ ఏంటో కళ్లు మూసుకుని చెప్పేయొచ్చు. పైన డ్రోన్, కింద కొబ్బరితోటలు, మధ్యలో గోదావరి. రెండోది పంటు మీద బైకు. అందంగానే ఉంటాయి, కాదనను. కానీ ఏ పాటకి పెట్టినా సరిపోయే షాట్, ఏ పాటకీ ఏమీ చెయ్యనట్టే కదా!

రాజోలు వైపు డిగ్రీ చదివే కుర్రాళ్లు నలుగురు తమ పాటకి విజువల్స్ ప్లాన్ చెయ్యడానికి సాయం అడిగారు. (నేను రాసేది కోడ్. ఇంజినీరింగ్‌లో షార్ట్ ఫిల్ములు ఎడిట్ చేసిన పాపానికి ఇవి నా దగ్గరికొస్తుంటాయి.) పాట రాసినవాడి అమ్మ కువైట్‌లో ఇంటిపని చేస్తారు. పాట ఆవిడ గురించే. మా వైపు ఇది కొత్త కథేం కాదు, గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇళ్లు చాలానే. వీళ్ల లిస్టులో అరవై షాట్లున్నాయి, అమ్మ మాత్రం ఒక్కదాంట్లోనూ లేదు.

"అమ్మ ఇక్కడ లేదు కదన్నయ్యా, ఎలా తీస్తాం?"

వేరే ఎవరినైనా అమ్మగా పెడదామని ఒకడన్నాడు. పాట రాసినవాడు ససేమిరా అన్నాడు. నాకూ వాడిదే కరెక్టనిపించింది. కువైట్ టైము మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ పని ముగించుకుని తొమ్మిదిన్నరకి కాల్ చేస్తే ఇక్కడ అర్ధరాత్రి పన్నెండు. అంటే ఈ ఇంట్లో అమ్మ అంటే చీకటి గదిలో ఫోన్ వెలుగు. ఆ వెలుగు కొడుకు ముఖం మీద పడితే చాలు, స్క్రీన్ చూపించక్కర్లేదు. పగలంతా ఆవిడ వదిలి వెళ్లిన పనులు: కొబ్బరి దింపు, పెరట్లో కాయల రాశి, తడిసిన వాకిలి. డ్రోన్ దానంతటదే లిస్టులోంచి ఎగిరిపోయింది.

తర్వాత నోటు పుస్తకం తెప్పించాను. 1967లో బాపు తన మొదటి సినిమా 'సాక్షి' తీసింది మన ఆత్రేయపురం దగ్గర పులిదిండిలోనే. ఆయన షాట్లని ముందే బొమ్మలుగా వేసుకునేవారు. మనకి ఆయన చెయ్యి లేకపోయినా పుల్లల మనుషులు చాలు. బొమ్మ గీస్తే కెమెరా ఎక్కడ పెట్టాలో తేలిపోతుంది.

తోటల్లో మధ్యాహ్నం ఆకుల సందుల్లోంచి ఎండ ముఖాల మీద మచ్చలుగా పడుతుంది. పొద్దున, సాయంత్రం కలిపి మూడు గంటలే మంచి వెలుగు. అరవై కాస్తా ఇరవై రెండయ్యాయి. నాలుగు నిమిషాల పాటలో ఒక్కో షాట్ పది సెకన్ల పైనే నిలబడాలి, ఈ పాటకి ఆ నిదానమే నప్పుతుంది. చీకటి గదిలో ఫోన్ కెమెరా తనంతట తానే వెలుగు పెంచేసి బొమ్మని గరుకు చేస్తుంది. అందుకే ముఖం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, బ్రైట్‌నెస్ తగ్గించుకోవాలి.

అమ్మ పంపిన పాత వీడియోలు కలుపుదామా అన్నారు. వాటిలో యజమాని ఇల్లు, పిల్లలు కనిపిస్తున్నారు. యూట్యూబ్‌లో అది వాళ్ల కంట పడితే ఆవిడ పనికే ఎసరు. "ముందు ఆవిణ్ణి అడగండి" అన్నాను.

ఆ రాత్రే అడిగారు. తన గొంతు వాడుకోమన్నారట, అక్కడి ఇల్లు మాత్రం వద్దన్నారట. ఇంకో మాట కూడా చెప్పారట, "మనింటి మీద స్లాబు వేయించాం కదరా, అది పైనుంచి చూపించండి."

ఇప్పుడు ఆ ఒక్క షాట్ కోసం డ్రోన్ వెతుకుతున్నారు. 250 గ్రాముల లోపుదైతే 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం పైలట్ సర్టిఫికెట్ అడగరు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోన్‌లో ఉందో లేదో చూసుకోమన్నాను.