మంచు ముందే పడితే సరుకు నడిసముద్రంలోనే

2021 నవంబరులో రష్యాకు ఉత్తరాన లాప్టెవ్, తూర్పు సైబీరియా సముద్రాల్లో ఇరవై దాకా ఓడలు మంచులో చిక్కుకున్నాయి. అంతకుముందు కొన్నేళ్లు ఆ రోజుల్లోనూ దారి తెరిచే ఉండటంతో ఆ ఏడూ అంతేనన్న ధీమా కనబడింది. మంచు తొందరపడింది. అణు ఐస్‌బ్రేకర్లు వెళ్లి దారి చేసేదాకా సరుకుకు కదలిక లేదు.

ప్రమాదం మంచుగడ్డ తగలడం ఒక్కటే కాదు. ఎగిరిపడే తుంపర డెక్కు మీద, క్రేన్ల మీద గడ్డకట్టి పేరుకుంటుంది. పైబరువు పెరిగి ఓడ నిలకడ తప్పుతుంది. సిబ్బంది సుత్తులతో కొట్టి రాల్చవలసిందే. ఇంజనును చల్లబరిచే సముద్రపు నీరు లోపలికి వచ్చే దారికి మంచుముద్ద అడ్డుపడితే ఇంజను వేడెక్కి ఆగుతుంది. ధ్రువ జలాల్లో తిరిగే ఓడలకు 2017 జనవరి 1 నుంచి పోలార్ కోడ్ వచ్చింది. ఏ ఓడ ఎంత మంచుకు, ఎంత చలికి తగినదో సర్టిఫికెట్ చెబుతుంది.

మన వర్తకులకు దగ్గరి సంగతి బాల్టిక్. రష్యా పొటాష్ ఆ రేవుల మీదుగానూ వస్తుంది. బాల్టిక్‌కు పోలార్ కోడ్ వర్తించదు. అక్కడ చూసేది ఐస్ క్లాసు. చలికాలం ముదిరితే తక్కువ క్లాసు ఓడలకు ఐస్‌బ్రేకర్ సాయం దొరకదు. అందుకే కిరాయి చవకని ఓడ కుదుర్చుకోవడం జనవరి, ఫిబ్రవరి లోడింగుకు పనికిరాని బేరం. చార్టర్ ఒప్పందంలో ఐస్ క్లాజు కూడా చదవాలి. మంచును బలవంతంగా చీల్చుకుపోనక్కరలేదని బిమ్కో టైమ్ చార్టర్ క్లాజు ఓడకు వెసులుబాటు ఇస్తుంది. ఆగిన రోజుల ఖర్చు ఎవరి నెత్తిన పడేదీ ఒప్పందంలోని మాటలను బట్టే తేలుతుంది.