శిక్ష యను మాటకు రెండర్థములు

శిక్ష యనగా సంస్కృతమున నేర్పుట. వేదాంగములలో నొకదానికి నదియే పేరు. తెలుగున మాత్రము ఆ మాట వినగానే మనకు దండనమే స్ఫురించును. ఒక్క మాటయందే చదువును దెబ్బయు నిట్లు కలిసియుండుట వింతయే. నేర్పువాడు ఎంతవఱకు దండింపవచ్చును? ఎచ్చట నేర్పు ముగిసి హింస యారంభమగును? పిల్లలను బడికి బంపు తల్లుల కెప్పుడో యొకప్పుడు కలుగు నీ సందేహమునే అమెరికాలో నొక రాష్ట్రపు ప్రజలు ఏండ్లతరబడి వాదించుకొనిరి. ఆ కథ మన సోదరీమణులు వినదగినది.

ఆ వాదమునకు మూలము బాస్కెట్ బాల్ ఆట. ఎత్తున గట్టిన బుట్టలో బంతిని వేయు నీ యాటను 1891లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ అను నుపాధ్యాయుడు కల్పించెను. మఱుసటి యేడే సెండా బెరెన్‌సన్ అను నుపాధ్యాయిని స్మిత్ కళాశాలలో యువతులకు దానిని నేర్పెను. ఇండియానా రాష్ట్రమున నీ యాటయన్న జనులకు ప్రాణము. అచ్చటి విశ్వవిద్యాలయపు జట్టునకు 1971 మొదలు 2000 వఱకు బాబ్ నైట్ కోచ్‌గా, అనగా శిక్షకుడుగా నుండెను. ఆయన చేతిక్రింద ఆ జట్టు 1976, 1981, 1987 సంవత్సరములలో జాతీయ విజేత యయ్యెను. 1976లో నాడిన 32 ఆటలును గెలిచెను. అటుతరువాత 2025 వఱకును ప్రథమశ్రేణి పురుషుల కళాశాలజట్టేదియు ఒక్క యోటమియు లేక జాతీయ విజేత కాలేదు.

ఆయన విద్య యెంత గొప్పదో కోపమును అంత గొప్పది. 1985 ఫిబ్రవరి 23వ తేదీన పర్డ్యూ జట్టుతో నాడుచుండగా, తీర్పరులపై నాగ్రహించి కుర్చీనెత్తి యాటస్థలము మీదికి విసరెను. అభిమానులు దానిని తిట్టుకొనలేదు. కథగా చెప్పుకొని నవ్వుకొనిరి. గెలుచువాని కోపము లోకమునకు ముద్దు గదా!

2000 సంవత్సరమున నవ్వు ఆగినది. నీల్ రీడ్ అను పూర్వశిష్యుడు, 1997లో అభ్యాససమయమున శిక్షకుడు తన గొంతు పట్టుకొనెనని చెప్పెను. అనేకు లతడు కల్లలాడెననిరి. అంతకుమున్నే యతడు జట్టును విడిచిపోయియుండుటచే, ఓర్వలేని వాడనిరి. ఆ యేప్రిలు మాసమున నాటి యభ్యాసమును తీసిన చలనచిత్రము టెలివిజనులో వచ్చెను. మెడపై చేయి లోకమంతయు చూచెను. మే నెలలో విశ్వవిద్యాలయము ఆయనకు 30,000 డాలర్ల జరిమానా విధించి, ఇక నొక్క తప్పు జరిగినను సహింపమని హెచ్చరించెను. సెప్టెంబరులో నొక విద్యార్థి తన్ను మర్యాదలేక ఇంటిపేరుతో బిలిచెనని, వాని చేయిపట్టి మందలించెనను మాట వచ్చెను. 10వ తేదీన ఆయనను పదవినుండి తొలగించిరి. ఆ రాత్రి వేలకొలది విద్యార్థులు అధ్యక్షుని యింటిమీదికి ఊరేగింపుగా బోయిరి.

అభిమానులు రెండుగా చీలిరి. ఒక పక్షమువారి వాదము బలహీనమైనది కాదు. ఆయన అన్యాయముగా ధనమిచ్చి ఆటగాండ్రను దెచ్చుకొనలేదు. శిష్యులు తరగతులకు బోయి పట్టము పుచ్చుకొనవలెనని పట్టుబట్టెను. 1981లో లాండన్ టర్నర్ అను నాటగాడు కారు ప్రమాదమున అవయవములు చచ్చుబడి మంచము బట్టగా, వైద్యమునకై ధనము గూర్చుటకు నడుము గట్టినవా డీ శిక్షకుడే. ఇక నెన్నటికి నాడలేని శిష్యుని యెడల జూపిన ప్రేమలో స్వార్థమెక్కడ? తిట్లు తిన్న శిష్యులనేకులు పెద్దవారై, ఆయనయే మమ్ము మనుష్యులను జేసెననిరి. రెండవ పక్షము వా రొక్కటే యడిగిరి: మెడపట్టుకొననిచో ఈ మేలంతయు జరుగకపోవునా?

మాకు తోచినంతలో నా ప్రశ్నకు మొదటి పక్షము వారు బదులు చెప్పలేదు. మంచిపని చెడ్డపనికి వెలగా చెల్లదు. ఒకని కష్టమున నాదుకొన్న చేయియే మఱియొకని గొంతు పట్టుకొనెను, రెండును నిజములే. మొదటిదానికై మ్రొక్కవచ్చును. రెండవదానిని మాత్రము పొందినవాడే క్షమింపవలెను గాని, ప్రేక్షకులు క్షమించుట కధికారము లేదు. వారికి గెలుపు దక్కినది. నొప్పి వారిది కాదు.

భయము లేనిదే క్రమశిక్షణ రాదందురా? అదే యిండియానాలో 1910లో పుట్టి, పర్డ్యూ జట్టులో నాడిన జాన్ వుడెన్ చరిత్రము చూడుడు. కాలిఫోర్నియాలో యూసీఎల్ఏ జట్టునకు శిక్షకుడై 1964 మొదలు 1975 వఱకు 12 ఏండ్లలో 10 మార్లు జాతీయవిజయము సాధించెను. మొదటి దినమున ఆయన నేర్పు పాఠము మేజోళ్లు ముడుతలు లేకుండ తొడుగుకొనుట! ముడుత యున్న బొబ్బ యెక్కును, బొబ్బ యెక్కిన నాట చెడును. ఆయన మెత్తనివాడు కాడు. బిల్ వాల్టన్ అను మహాక్రీడాకారుడు గడ్డముతో వచ్చి, అది తన హక్కనగా, ఆయన కేకవేయక, "నీ నమ్మకమును గౌరవింతును గాని, నీవు లేని కొఱత మాకుండును" అను భావముతో బలికెనట. వాల్టన్ పోయి క్షౌరము చేయించుకొని వచ్చెను. నియమము నిలిచెను, ఎవరి మెడపైనను చేయి పడలేదు.

మాయింటివారు బడిపంతులగుటచే, "భయము చెప్పుడు, కండ్లు తప్ప యొళ్లంతయు మీదే" యని పిల్లల నప్పగించు తండ్రులను మేము చూచియున్నాము. అది గురుభక్తి యని వారి తలంపు. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో పిల్లలను గొట్టుటను, మనసు నొప్పించుటను నిషేధించినది. ఆ తండ్రుల మాట మాత్రమింకను మాఱలేదు. గురుభక్తికి ప్రమాణమైన భారతమునే చూతము. సంస్కృత భారతమున ఆదిపర్వమందు ధౌమ్యుని శిష్యులలో వేదుడనువాడు చిరకాలము గురువునింట ఎద్దువలె బరువులు మోసెను. తరువాత తాను గురువైనప్పుడు, గురుకులవాసపు కష్టమెఱిగినవాడగుటచే, తన శిష్యుల నెన్నడును బాధింపదలపలేదట. నన్ను గొట్టిరి గనుక నేనును గొట్టుదునని యతడు అనలేదు.

నీల్ రీడును తరువాత కాలిఫోర్నియాలో నొక యున్నత పాఠశాలలో ఉపాధ్యాయుడును శిక్షకుడును అయ్యెను. 2012లో ముప్పదియారేండ్ల వయస్సున గుండెపోటుతో మరణించెను. బాబ్ నైట్ 2020 ఫిబ్రవరి 8వ తేదీన, పదవి పోయిన యిరువదేండ్లకు, పూర్వశిష్యులు చుట్టును నడువగా ఆ క్రీడామందిరమున మరల నడుగిడెను; జనులు లేచి కరతాళధ్వనులు చేసిరి. 2023 నవంబరు 1వ తేదీన 83వ యేట గతించెను. ఆ కరతాళములు వినుట కా రీడు లేడు.

సోదరీమణులారా! మన బిడ్డ యాటనుండి గాని బడినుండి గాని యింటికి వచ్చినప్పుడు, గెలిచితివా, ఎన్ని మార్కులు వచ్చెనని యడుగుట మన కలవాటు. నేడు మీ గురువు నీతో నెట్లు మాటాడెనని కూడ నడుగుదము. బిడ్డ చెప్పినది నమ్ముటకు చలనచిత్రము వచ్చువఱకు వేచియుండ నక్కఱలేదు.