మీకు తెలుసా? పదహారేళ్లకే పసిడి జోడీ

2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఈఫిల్ టవర్ పక్కనే ఇసుక పోసి కట్టిన కోర్టులో బీచ్ వాలీబాల్ స్వర్ణం గెలిచిన బ్రెజిల్ జోడీ డూడా, అనా పట్రీసియా అంతకు పదేళ్ల ముందే కలిసి స్వర్ణం కొట్టారు. అది 2014లో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన యూత్ ఒలింపిక్స్. ఆ పోటీల్లో బీచ్ వాలీబాల్‌కి చోటు దక్కడం అదే మొదటిసారి. అప్పటికి ఇద్దరికీ పదహారేళ్లే!

మధ్యలో దారులు వేరయ్యాయి. టోక్యో ఒలింపిక్స్‌కి వేర్వేరు భాగస్వాములతో వెళ్లి ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. మళ్లీ కలిశాక 2022లోనే ప్రపంచ చాంపియన్లు. అన్నట్టు, డూడా వాళ్లమ్మ కూడా ఈ ఆట ఆడినావిడే.

ఈ ఆటలో ఇసుక మామూలు గురువు కాదు. అందులో పరిగెత్తాలంటే గట్టి నేల మీదకన్నా దాదాపు 1.6 రెట్లు శక్తి ఖర్చవుతుంది. దూకి దిగినప్పుడు మాత్రం అదురును అదే మింగేసి మోకాళ్లను కాస్త కాపాడుతుంది. పైగా జట్టుకు ఇద్దరే, బెంచీ మీద మూడో మనిషి ఉండరు. సర్వీసు అందుకోవడం, బంతి లేపడం, స్మాష్ కొట్టడం, అడ్డుకోవడం అన్నీ ఇద్దరూ నేర్చుకోవాల్సిందే.

అమెరికాలోనైతే 2016 నుంచి కాలేజీ అమ్మాయిలకు ఈ ఆటలో, కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ జాతీయ చాంపియన్‌షిప్పే జరుగుతోంది.