29 క్లబ్బుల గోల్‌కీపర్, మస్కట్ ఫైర్‌మ్యాన్, మన ఎన్‌ఓసీ

ఈ వారం ఎపిసోడ్ వినడానికి డ్యూటీ మధ్యలో టైమ్ దొరకని వాళ్ళ కోసం విషయం ఇక్కడ రాస్తున్నా. పేరుకి ఫుట్‌బాల్ గానీ, నిజానికి ఇది కాంట్రాక్టుల ముచ్చట. రూవీలో ఉన్నా, సోహార్‌లో ఉన్నా, సలాలాలో ఉన్నా మనందరికీ తగిలే ముచ్చటే.

ఇంగ్లిష్ ఫుట్‌బాల్‌లో "జర్నీమ్యాన్" అనే మాట ఎక్కువ వినిపిస్తది. ఒక్క క్లబ్‌లో స్టార్ అయి అక్కడే స్థిరపడకుండా, కాంట్రాక్టు అయిపోగానే సంచి సర్దుకుని ఇంకో ఊరికి పోయే ఆటగాడు అన్నమాట. ఆ మాట అసలు ఆట నుంచి రాలేదు. పూర్వం యూరప్‌లో మేస్త్రి దగ్గర పని నేర్చుకుని, సొంత దుకాణం లేక రోజు లెక్కన కూలికి పోయే పనివాణ్ణి అలా పిలిచేవాళ్ళు. పని వచ్చు, జాగా లేదు. మనకు ఇంతకన్నా విడమరిచి చెప్పక్కర్లేదు.

అట్లాంటి ఆటగాళ్ళలో పెద్ద పేరు జాన్ బరిడ్జ్. 1951లో ఇంగ్లండ్‌లోని వర్కింగ్‌టన్‌లో పుట్టాడు. 1969 నుంచి 1997 దాకా, అంటే దాదాపు 28 ఏళ్ళు, 29 క్లబ్బులకు గోల్‌కీపర్‌గా పని చేశాడు. బ్లాక్‌పూల్, ఆస్టన్ విల్లా, క్రిస్టల్ ప్యాలెస్, సౌతాంప్టన్, న్యూకాజిల్... జాబితా చదువుతుంటే బస్సు రూటు బోర్డులా ఉంటది. 1995లో మాంచెస్టర్ సిటీకి ఆడినప్పుడు వయసు 43. ప్రీమియర్ లీగ్‌లో అంత పెద్ద వయసులో ఆడినవాళ్ళు ఇంకొకరు లేరు. ఆట మానేశాక ఆయన పని వెతుక్కుంటూ వచ్చింది ఎక్కడికో తెలుసా? ఒమన్‌కే. ఇక్కడి జాతీయ జట్టు గోల్‌కీపర్లకు కోచ్‌గా చేరాడు.

ఇక్కడ ఆయన కంట పడ్డ కుర్రాడే అలీ అల్ హబ్సీ. సొంతూరు అల్ ముదైబీ. సీబ్ ఎయిర్‌పోర్టులో, అంటే ఇప్పుడు మనం దిగే మస్కట్ ఎయిర్‌పోర్టులో, ఫైర్‌మ్యాన్‌గా పని చేసేవాడు. ఇంగ్లండ్ పంపిస్తే నిలబడతాడని బరిడ్జ్ నమ్మాడు. కానీ అక్కడ అడ్డం వచ్చింది ఆట కాదు, వర్క్ పర్మిట్. యూరప్ బయటి ఆటగాడికి పర్మిట్ ఇవ్వాలంటే అతని దేశం ఫిఫా ర్యాంకుల్లో పైన ఉండాలి, దేశం ఆడిన ముఖ్యమైన మ్యాచుల్లో అతను 75 శాతం ఆడి ఉండాలి అని అప్పటి లెక్క. గల్ఫ్ దేశంవాడు కూడా వీసా కోసం తిప్పలు పడాల్సిందే!

అందుకే అల్ హబ్సీ 2003లో నార్వే పోయి, ఓస్లోలోని లిన్ క్లబ్‌లో చేరాడు. ఎడారి నుంచి మంచులోకి. మరుసటేడే ఆ దేశంలో ఉత్తమ గోల్‌కీపర్ అనిపించుకున్నాడు. 2006 జనవరిలో బోల్టన్ తీసుకుంది. కానీ అక్కడ పెద్ద కీపర్ యాస్కెలైనెన్ ఉన్నాడు కాబట్టి ఎక్కువ కాలం బెంచీ మీదే. ఊళ్ళో అందరూ "మావాడు ఇంగ్లండ్‌లో ఉన్నాడు" అని చెప్పుకుంటుంటే, అక్కడ మనోడు డ్యూటీ కోసం ఎదురుచూస్తున్నాడన్నమాట. 2010లో విగన్ అతన్ని "లోన్" మీద తీసుకుంది. ఆ సీజన్ క్లబ్‌లో ఉత్తమ ఆటగాడు అయ్యేసరికి మరుసటేడు పక్కాగా కొనుక్కుంది. ఈలోపు 2009లో మన బౌషర్ స్టేడియంలో ఒమన్ తొలిసారి గల్ఫ్ కప్ గెలిచింది. టోర్నీ మొత్తంలో మ్యాచ్ టైమ్‌లో ఒక్క గోల్ కూడా పడలేదు. ఫైనల్లో సౌదీని పెనాల్టీల్లో కొట్టారు.

ఇక 2013 మే 11న విగన్ ఎఫ్‌ఏ కప్ ఫైనల్లో మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించింది. ఆ రోజు అల్ హబ్సీ బెంచీ మీదే ఉన్నాడు. మూడు రోజులకే జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి పడిపోయింది. తర్వాత బ్రైటన్, రీడింగ్, రియాద్‌లో అల్ హిలాల్, చివరికి వెస్ట్ బ్రామ్. 2020లో ఆట ఆపేశాడు. ఇంత పేరున్నవాడికి కూడా పని ఎక్కడ దొరికితే అక్కడికి పోవడమే బతుకు.

ఇప్పుడు అసలు మాటకొస్తా. ఇన్ని క్లబ్బులు మారడం ఎట్లా కుదిరింది?

మొదటిది లోన్. ఒక క్లబ్ తన ఆటగాణ్ణి ఇంకో క్లబ్‌కు కొన్నాళ్ళు పంపిస్తది. రెండు క్లబ్బులూ, ఆటగాడూ కాగితం మీద ఒప్పుకోవాలి, లీగ్‌లో రిజిస్టర్ కావాలి. మన దగ్గర "ఆ సైట్‌కి పోయి నెల రోజులు చెయ్యి" అని నోటిమాట మీద పంపిస్తారే, అది లోన్ కాదు. పతాకా మీద ఉన్న అరబాబు ఒకరు, పని చేయించుకునేది ఇంకొకరు అయితే, అనుమతి కాగితం లేనప్పుడు ఇరుక్కునేది మనమే.

రెండోది, కాంట్రాక్టు అయ్యాక స్వేచ్ఛ. ఇది ఊరికే రాలేదు. బెల్జియంలో జాన్ మార్క్ బోస్మన్ అని ఒక మామూలు ఆటగాడు. 1990లో లియేజ్ క్లబ్‌తో కాంట్రాక్టు అయిపోయింది. కొత్తగా ఇస్తామన్న జీతం బాగా తక్కువ. ఫ్రాన్స్‌లో డంకర్క్ క్లబ్‌కు పోతానంటే, పాత క్లబ్ డబ్బు కట్టనిదే వదలనంది. కాంట్రాక్టు లేదు, అయినా మనిషి మాత్రం వాళ్ళ చేతిలోనే! మనకు తెలిసిన ఎన్‌ఓసీ కథే ఇది. ఆయన కోర్టుకెక్కాడు. 1995 డిసెంబర్ 15న యూరప్ కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. కాంట్రాక్టు ముగిశాక యూరప్ యూనియన్ ఆటగాడు ఆ దేశాల్లో ఇంకో క్లబ్‌కు పోతుంటే పాత క్లబ్ డబ్బు అడగరాదంది. కోట్లు సంపాదించింది తర్వాతి ఆటగాళ్ళు. కేసు నడిచిన ఐదేళ్ళలో ఆయన ఆట మాత్రం అయిపోయింది.

ఒమన్‌లో పాత అరబాబు ఎన్‌ఓసీ ఇవ్వకపోతే రెండేళ్ళు తిరిగి రానిచ్చేవాళ్ళు కాదు. 2021 జనవరి 1 నుంచి ఆ షరతు తీసేశారు. కాంట్రాక్టు ముగిసినట్టు రుజువుంటే ఎన్‌ఓసీ లేకుండానే ఇంకో కంపెనీకి మారొచ్చు. ఇక్కడ అసలు మాట "కాంట్రాక్టు ముగిసినట్టు రుజువు". మధ్యలో వదిలేసి ఖల్లివెల్లి అయితే ఈ హక్కు పనికి రాదు. ఆటగాళ్ళకు కాగితాలు చూసే ఏజెంట్ ఉంటాడు. మన ఏజెంట్ మనల్ని విమానం ఎక్కించాక ఫోన్ ఎత్తడు. కాబట్టి మన కాగితాలు మనమే చూసుకోవాలి.

తమ్ముళ్ళూ, అన్నలూ, ఈ శుక్రవారం ఒక్క పని చెయ్యండి. మీ కాంట్రాక్టు కాపీ తీసి, అది ఏ తేదీన ముగుస్తదో చూడండి. ఫోన్‌లో ఫోటో తీసుకుని ఇంటికి కూడా ఒకటి పంపండి. కాపీయే మీ దగ్గర లేకపోతే, కొత్త పని వెతికే ముందు అది అడిగి తీసుకోండి. వచ్చే వారం కలుద్దాం.