వృత్తి లక్ష్యమునకు వ్రాతపూర్వక ప్రణాళిక

బోధను ప్రాంతపు రైతుకు చెరకు కోత తొందరపాటు పని కాదని తెలియును. కోసిన చెరకు గంటలు గడచుకొలది బరువు తగ్గును; అందలి సుక్రోజు గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోవును. అందుచేత చక్కెర కర్మాగారమువారు ఏ తోట ఎన్నడు నాటిరో రిజిస్టరులో వ్రాసికొని, పక్వమును బట్టి కటింగు ఆర్డరులు ఇత్తురు. ముందుగా గానుగాడవలసిన దినము. అక్కడనుండి వెనుకకు లెక్క.

పదవ తరగతి విద్యార్థిని ఏమి కాదలచితివని అడిగినచో “ఇంజనీరు” అనును. ఇది కోరికయే గాని ఇంకను ప్రణాళిక కాలేదు. ఈ రెంటికిని గల భేదమును మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పీటర్ గోల్‌విట్సర్ సహచరురాలితో కలిసి జర్మనీలో పరీక్షించి 1997లో ప్రకటించెను. క్రిస్మసు ముందు సాయంకాలము ఎట్లు గడచినదో రెండు దినములలో వ్రాసి పంపుడని విద్యార్థులను కోరిరి. ఎప్పుడు, ఎక్కడ కూర్చుండి వ్రాయుదురో ముందే కాగితముపై పెట్టినవారిలో మూడింట రెండు వంతులకు మించి పంపిరి. తక్కినవారిలో సుమారు మూడవ వంతు మాత్రమే. 2006లో ఇట్టి 94 పరీక్షలను కలిపి చూచినప్పుడును మేలే కనబడినది. వేళయు చోటును ముందే నిశ్చయించుటచే, ఆ వేళ రాగానే పని తనంతట గుర్తుకు వచ్చును.

1953 నాటి యేల్ విశ్వవిద్యాలయ పట్టభద్రులలో లక్ష్యములు వ్రాసికొన్న నూటికి ముగ్గురు మిగిలినవారందరికంటె ధనవంతులైరను కథ ఉపన్యాసములలో తరచు వినబడును. అట్టి పరిశోధన జరిగినట్లు ఆధారము లేదు. ఉపాధ్యాయులు దానిని విడిచిపెట్టుట మేలు.

నిజామాబాదు పాలిటెక్నిక్‌లో చేరగోరు బాలుడు ప్రవేశ పరీక్ష తేదీని కాగితము అడుగున వ్రాసి, వారము వారముగా పైకి రావలెను. “బాగుగా చదివెదను” అని కాదు, “రాత్రి భోజనము కాగానే వసారాలో పది లెక్కలు” అని వ్రాయవలెను. కరెంటు పోయినచో ఏమి? “తెల్లవారుజామున ఐదు గంటలకు” అని ప్రక్కనే ఉండవలెను.

ఇంతటితో చాలునా? 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారపు బోధను మిల్లు 2015 డిసెంబరులో మూతపడినది. శక్కర్‌నగర్‌లో కొలువును మాత్రమే లక్ష్యముగా వ్రాసికొన్నవాని కాగితము ఎంత చక్కనిదైనను అక్కరకు రాదు. ఉద్యోగ స్థలమునకు బదులు విద్యను వ్రాసికొన్నచో? బాయిలరు నడుపుట కాగితపు మిల్లులోను పనికివచ్చును. రసమున చక్కెర పాలు కొలుచు ప్రయోగశాల నేర్పు మందుల కర్మాగారములో విశ్లేషణకు తోడ్పడును. చెరకుపైననే మక్కువ గలవానికి రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా స్థానము కలదు.

కావున ప్రతి ఆరు నెలలకొకసారి, దసరా సెలవులలోను పరీక్షల తరువాతను, ఆ దారి ఇంకను తెరచియున్నదో లేదో విద్యార్థి, ఉపాధ్యాయుడు కలిసి చూడవలెను. మొదటి కాగితమును పెన్సిలుతో వ్రాయించుట మంచిది.