పొగ మానని పాత ప్రేమ

కుర్రతనంలో చేతికందని బండి జుట్టు నెరిశాక ఇంటికొస్తోంది. ఎస్కార్ట్స్ సంస్థ 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350 అమ్మకాల్లో బోల్తాపడింది. 347 సీసీల జంట సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజన్ తొలి మోడల్లో 30.5 హార్స్‌పవర్ ఇచ్చేది. పెట్రోలూ అలాగే తాగేది. మైలేజీ చూసి బండి కొనే ఇళ్లలో దానికి చోటెక్కడ?

అప్పుడు ఆశపడ్డ కుర్రాళ్లే ఇప్పుడు నడివయసులో తుప్పుపట్టిన బండ్లను వెతికి పట్టుకుంటున్నారు. ధోనీ గ్యారేజీలోనూ ఒకటుంది. రంగు వేయించడం తేలికే. అసలు పని క్రాంక్ దగ్గరుంది. దాని సీళ్లు ఎండిపోయి గాలి లాగితే ఇంజన్‌కు పెట్రోలు, గాలి పాళ్లు తప్పుతాయి. పిస్టన్ వేడెక్కి సిలిండర్లో పట్టేస్తుంది, అదీ మంచి వేగంలో ఉండగా. సీళ్లు మార్చాలంటే ఇంజన్ మొత్తం విప్పాల్సిందే. బ్రేకులు మరో బెడద. జపాన్ మాతృకకు ముందు చక్రానికి డిస్క్ ఉంటే, ఇక్కడ డ్రమ్‌తో సరిపెట్టారు. అసలు రూపమే కావాలన్న పంతం ఈ ఒక్కచోట సడలించుకోవడమే మేలు.

ఇక కాగితాలు. 2021 నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. తొలి రాజ్‌దూత్ 350లకు సైతం 2033 దాకా ఆ భాగ్యం లేదు. అంతవరకూ అయిదేళ్లకోసారి బండిని రవాణా కార్యాలయం ముందు నిలబెట్టాల్సిందే.