ఎండిన మడుగులోని ప్రాణము

నిన్నటివరకు బీటలువారిన గుంటలో తొలకరి వాన కురిసిన రాత్రియే కప్పలు బెకబెకలాడుట మనమందరము ఎఱిగినదే. అవి ఎక్కడినుండి వచ్చినవని బాల్యమున పెద్దలను అడిగియుందుము. అట్టి ప్రశ్ననే మరింత వింతగా మనముందుంచు ప్రాణి అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున కలదు.

అచ్చటి నడిమి మైదానమున పెక్కుచోట్ల నేలక్రింద నీరింకని గట్టిపొర యుండును. శీతకాలపు వానలకు పల్లములలో నీరు నిలిచి చిన్న మడుగులగును; వేసవి వచ్చునప్పటికి అవి ఎండిపోవును. వానిలో నివసించు జీవికి ‘ఫెయిరీ ష్రింప్’ అని పేరు. మనము దేవకన్య రొయ్య యనవచ్చును. పేరునకు రొయ్యయే గాని, మనము కూర వండుకొను రొయ్యకు దూరపు చుట్టము మాత్రమే. పొడవు అంగుళమునకు మించదు. వీపుపై పెంకు లేదు. 11 జతల కాళ్లను అలలవలె ఆడించుచు వెల్లకిల ఈదును. ఆ కాళ్లే తెడ్లు, ఊపిరికిని అవియే, నీటిలోని నాచు నలుసులను నోటికి చేర్చునవియు అవియే.

దీని ఆయువు కొలది వారములు. మడుగు ఎండకముందే పెరిగి, గ్రుడ్లు విడువవలెను. తల్లి నీటితోపాటు నశించును. దళసరి పెంకుగల గ్రుడ్లు మాత్రము ఎండుమట్టిలో ఏండ్ల తరబడి నిద్రించును. మరల వాన పడినప్పుడు అన్నియు ఒక్కసారి పొదగవు. అన్నియు మేల్కొనిన పిమ్మట పది దినములకే మడుగెండినచో వంశమే అంతరించును గదా! మెట్టరైతు విత్తనమంతయు ఒక్క వానకే చల్లక కొంత దాచుకొనుట వంటిదే యిది.

ఇట్లు కరవును జయించిన ప్రాణి నాగలికిని కట్టడములకును ఓడిపోవుచున్నది. గట్టిపొరను చీల్చి దున్నినచో నీరు నిలువదు. పల్లమును పూడ్చినచో మడుగే యుండదు. 1990లో శాస్త్రజ్ఞులు ‘బ్రాంకినెక్టా లించి’ యని నామకరణము చేసిన జాతిని, నాలుగేండ్లకే, 1994లో, అమెరికా ప్రభుత్వము ముప్పునకు లోనైన జాతిగా ప్రకటించి చట్టరక్షణ కల్పించినది.

దీని జ్ఞాతులు మన దక్షిణ భారతమునందలి వానగుంటలలోను కలవు. ఎండకాలమున గుంటను చూచి వట్టి పల్లమని పూడ్చువారు, తెలియకయే, మరుసటి యేటి సంతానమును పూడ్చుచున్నారు.